మునుపటి మోతాదులో కోపం

బోధనా పద్ధతుల పరిశోధన కార్యాలయం

మూడో తరగతి 'ఏ' సెక్షన్ ఉపాధ్యాయిని గారికి నమస్కారములు.

తమ పాఠశాల మా అధ్యయనానికి ఎంపికైనదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. లెక్కలు నేర్పే కొత్త సామగ్రి పెట్టె ఒకటి 'బి' సెక్షన్‌కు అందజేయబడును. తమ సెక్షన్‌ను పోలిక తరగతిగా నిర్ణయించడమైనది. అనగా తమరు మునుపటిలాగే బోధించవలెను. ఏదీ చేర్చరాదు, ఏదీ మానరాదు. సంవత్సరాంతంలో రెండు తరగతులకూ ఒకే పరీక్ష ఉండును. నెగ్గిన పద్ధతినే ఇక అన్ని బడుల్లోనూ అమలు చేసెదరు. ఓడిన ఉపాధ్యాయులు నెగ్గినవారి వద్ద శిక్షణ పొందవలెను.

నాలుగో నియమాన్ని ప్రత్యేకంగా గమనించగలరు: రెండు సెక్షన్ల ఉపాధ్యాయులు బోధన గురించి ఒకరితో ఒకరు ఏ చోటా, ఏ రూపంలోనూ చర్చించరాదు.

మా పరిశీలకుడు పిల్లల వరుసల మధ్యనే కూర్చుని గమనించును. ఆయన అక్కడ లేనట్టే భావించగలరు.

ఇట్లు,
పరిశోధనాధికారి

తా.క. అక్కా, ఆఫీసు కాగితం మీద నిన్ను 'తమరు' అనక తప్పలేదు, నవ్వకు. చీటీలు నేనే తీశాను. పెట్టె 'బి'కి వచ్చింది. 'బి' టీచరు బావే అని తర్వాత గుర్తొచ్చింది. మా డైరెక్టరుతో చెబితే, చీటీ అంటే చీటీయే అన్నారు. ఫోన్ చేసి తిట్టకు. ఈ పని గురించి ఏం చెప్పాలన్నా రాతపూర్వకంగా ఉండాలట.
నీ తమ్ముడు

*

చిన్నోడికి అక్క ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశాను గానీ, ప్రస్తుతానికి అవి నా దగ్గర లేవు.

రాతపూర్వకంగా తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. మునుపటిలాగే అంటే ఏమిట్రా? నేనేమైనా పాత సామాన్ల కొట్టునా? నీకు గడియారం చూడ్డం నేర్పింది ఈ మునుపటి పద్ధతే. చిన్న ముల్లు పెద్ద ముల్లు తేడా తెలియక నువ్వు మధ్యాహ్నమే పక్కేసుకుని పడుకున్న రోజులు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

నీ పెట్టె వచ్చింది. అందులో రంగురంగుల పూసలు, అంకెల బిళ్ళలు, చిన్న త్రాసు. మీ బావ తరగతిలో దాన్ని తెరిచినప్పుడు నా పిల్లలు రెండు గదుల మధ్య తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి తొంగిచూశారు. "మనకెప్పుడు టీచర్?" అని అడిగారు. మీరు పోలిక తరగతి, పక్కవాళ్ళు ఎంత ఎదిగారో కొలవడానికి మిమ్మల్ని గోడకి నిలబెట్టారు అని ఏ నోటితో చెప్పను?

నా బాధ ఒక్కటే, అది సరిగ్గా చదువు. ఈ ఏడు తీసివేతలు రాకపోతే నాలుగో తరగతిలో భాగహారం దగ్గర పిల్లలు కూలబడతారు. అక్కడ కూలబడినవాళ్ళు మళ్ళీ లేవడం నేను పెద్దగా చూడలేదు. మూడో వరుసలో ఒక పిల్ల ఉంది. నిరుడు లెక్కల్లో చురుకేనని పాత టీచరు చెప్పింది. ఈ ఏడు బోర్డు మీద లెక్క వేస్తే చాలు, తనలో తాను గొణుక్కుంటుంది, తప్పు రాస్తుంది. గొణుగుడు పిల్ల అని పేరు కూడా పెట్టేశాను. ఆ ఒక్కదాని కోసం నీ పెట్టెలోంచి పది పూసలు ఇప్పించు. పెట్టె మొత్తం అడగడం లేదు.

ఇక మీ బావ సంగతి నీకు తెలియంది కాదు. 'ఇక్కడ ఉమ్మరాదు' అని బోర్డు కనిపిస్తే గుటక మింగడానికి కూడా ఆలోచించే మనిషి. నీ నాలుగో నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో గిన్నెలు కడిగే చోట అంటించారు. 'ఏ చోటా' అన్న మాట కింద ఎర్ర గీత.

ఇట్లు,
మునుపటి అక్క

తా.క. కూరలో ఉప్పు ఎంత వేయమంటారు అని అడిగితే రెండు వేళ్ళు చూపించబోయి గబుక్కున దించేశారు. వేళ్ళతో లెక్క చెప్పడం బోధనా పద్ధతి కిందికి వస్తుందట. ఈ ముక్క కూడా నోటితో చెప్పలేదు, కాగితం మీద రాసి చూపించారు.

*

మూడో తరగతి 'ఏ' సెక్షన్ ఉపాధ్యాయిని గారికి నమస్కారములు.

తమ లేఖ అందినది. నాలుగో నియమం అమలులో తమ దంపతుల నిబద్ధత ప్రశంసనీయం. ఇతర పాఠశాలలకు ఆదర్శంగా ఉండుటకై ఈ విషయాన్ని సర్క్యులర్‌లో ప్రస్తావించడమైనది.

పది పూసల విషయం పరిశీలించితిమి. పోలిక తరగతిలోకి ఒక్క పూస ప్రవేశించినా అది పోలిక తరగతి కాకుండా పోవును. కావున వీలు కాదు.

పరిశీలకుని తొలి నివేదికలో రెండు అంశాలు ఉన్నవి. ఒకటి: తాను వెనుదిరిగి చూసిన ప్రతిసారీ మూడో వరుసలోని ఒక బాలిక తల పక్కకు వంచి గొణుగుచున్నది. ఏకాగ్రత లోపముగా నమోదు చేసిరి. రెండు: ఉపాధ్యాయిని కోపము నానాటికీ పెరుగుచున్నది. తమకు మొదటి నుంచీ కోపమున్నదని ప్రధానోపాధ్యాయిని గారు ధ్రువీకరించినారు. అయితే అది కూడా బోధనలో భాగమే అయినందున, తమ కోపమును మునుపటి మోతాదులోనే కొనసాగించవలసిందిగా కోరుచున్నాము.

ఇట్లు,
పరిశోధనాధికారి

తా.క. అక్కా, మోతాదు అన్న మాట నాది కాదు, డైరెక్టరుది. నేను 'స్థాయి' అని రాస్తే కొట్టేశారు. నిన్న అమ్మ ఫోన్ చేసి మీ సంగతులు అడిగింది. "అక్కా బావా మాట్లాడుకోవడం లేదమ్మా, అది అందరి మంచికే" అన్నాను. ఆవిడ వెంటనే ఫోన్ పెట్టేసింది. అర్థం చేసుకుందనే అనుకుంటున్నాను.

*

ఒరే చిన్నోడా,

ఆశీస్సులు రాయలేదు. మర్చిపోయి కాదు.

అమ్మ అర్థం చేసుకుంది. ఎంత బాగా అర్థం చేసుకుందంటే, మర్నాడు పొద్దున్నే రెండు సంచులతో మా గుమ్మంలో దిగింది. నన్ను చూడగానే "ఎన్నాళ్ళ నుంచే ఇది?" అంది. సంవత్సరం మొదటి నుంచి అన్నాను. బడి సంవత్సరం అనుకున్నాను నేను. ఆవిడ గోడకి చేరగిలబడిపోయింది.

ఇంట్లో ఏం చూసిందో విను. ఒక మొగుడు పెళ్ళాంతో పలకడు. బీరువాలో ఒక పెట్టె దాచి తాళం వేస్తాడు. రాగానే తలుపు దగ్గరగా వేసుకుని ఆ పెట్టె తెరుస్తాడు, రంగు పూసలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసుకుంటాడు. పాపం, మర్నాటి పాఠం ఎలా చెప్పాలో తెలియక కుస్తీ పడుతున్నారు. అమ్మకి అదెక్కడ తెలుస్తుంది? బట్టలు ఉతుకుతుంటే ఆయన జేబులోంచి నాలుగు ఎర్ర పూసలు రాలాయి. ఆవిడ వాటిని అరచేతిలో పెట్టుకుని వెళ్ళి, "ఎవరికండీ అల్లుడుగారూ ఈ పూసలదండ?" అని అడిగేసింది.

మీ బావ నావైపు చూశారు. గోడమీది నియమం వైపు చూశారు. "అది మీ అమ్మాయి ముందు చెప్పకూడని విషయం అత్తయ్యా" అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో వినిపించిన ఏడుపు నీ పరిశీలకుడు నమోదు చేసి ఉంటే ఆయన కాగితాలు తడిసిపోయేవి. ఎవరావిడ అని అమ్మ, నియమం అని ఆయన. నేను నిజం చెప్పబోతే, మొగుణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుని నన్నే జాలిగా చూస్తుంది.

ఇక నా కోపం మోతాదు గురించి. డాక్టరు చీటీ రాసినట్టు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కోప్పడనా? భోజనానికి ముందా, తర్వాతా? నా కోపం పిల్లల మీద కాదు, వాళ్ళకి రాని లెక్క మీద. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఆ తేడా తెలుసు. మీ ఆఫీసుకే తెలియలేదు.

గొణుగుడు పిల్లకి నిన్నటి లెక్కల్లో ఒక్కటి కూడా రాలేదు. ఏకాగ్రత లోపమని రాసేసి చేతులు దులుపుకున్నారు. పది పూసలురా, పది.

ఇట్లు,
అక్క

తా.క. నీ పరిశీలకుడు తాటిచెట్టంత మనిషి. లేనట్టే భావించమన్నావు, అలాగే భావిస్తున్నాను. మొన్న పొరపాటున ఆయన కాలు తొక్కాను. లేని మనిషి కదా అని ఆగి క్షమాపణ కూడా అడగలేదు.

*

మూడో తరగతి 'ఏ' సెక్షన్ ఉపాధ్యాయిని గారికి నమస్కారములు.

నాలుగో నియమము బోధనకు మాత్రమే వర్తించునని, భార్యాభర్తలు ఇతర విషయములు మాట్లాడుకొనుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కూరగాయలు, కరెంటు బిల్లు, వాతావరణం, బంధువుల ఆరోగ్యం మొదలైనవి మాట్లాడవచ్చును. ఈ అనుమతి పత్రమును 'బి' సెక్షన్ ఉపాధ్యాయుల వారికి చూపగలరు. అధ్యయనము మధ్యలో నియమమును సడలించుట సాధ్యపడదు.

ఇట్లు,
పరిశోధనాధికారి

తా.క. అక్కా, దీని మీద ఆఫీసు ముద్ర వేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక మొగుడూ పెళ్ళాం టమాటాల గురించి మాట్లాడుకోవచ్చని మేం ఎందుకు రాసివ్వాలని గుమాస్తా అడిగాడు. అమ్మకి ఫోన్లో అంతా విడమర్చి చెప్పాను. "నువ్వు కూడా అతని వైపేనా?" అంది. బావ తరగతిలో పిల్లలు పూసలతో కోటలు కడుతున్నారట. ఆయన చేతిలో సూచనల పుస్తకం పట్టుకుని చూస్తూ నిలబడుతున్నారట. ఇది నేను నీకు చెప్పకూడదు. చెప్పలేదనుకో.

*

చిన్నోడికి,

నీ ముద్ర కాగితం మీ బావకి చూపించాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, "టమాటాలు బాగున్నాయి" అన్నారు. అవునన్నాను. "ఎర్రగా ఉన్నాయి" అన్నారు. ఉన్నాయన్నాను. కరెంటు బిల్లు కట్టారా అని అడిగాను. కట్టేశానన్నారు. ఇద్దరం వాతావరణం కోసం కిటికీలోంచి బయటికి చూశాం. వాతావరణం మామూలుగానే ఉంది.

అంతే. ఇక మాటల్లేవు. ఇన్నేళ్ళ కాపురంలో మేం ఏం మాట్లాడుకున్నామా అని వెతుక్కుంటే, మీ తరగతిలో వాడేం చేశాడు, మా తరగతిలో ఇదేమంది, అంతే తేలింది. అది కాస్తా నువ్వు పట్టుకుపోయావు. మిగిలింది టమాటాలు. నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయలు కూడా లేవు నెపం పెట్టడానికి.

అమ్మ ఇదంతా తలుపు చాటు నుంచి విని, "కనీసం పోట్లాడుకోండే తల్లీ, భయంగా ఉంది" అంది.

సరే, పరీక్ష అయిపోయింది. నాకు బెంగ లేదు. పూసలతో కోటలు కట్టుకున్నవాళ్ళ కంటే నా పిల్లలు మెరుగ్గానే రాసి ఉంటారు. ఫలితం రానీ. మీ బావని నా తరగతిలో చిన్న బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టి, వారం రోజులు శిక్షణ ఇస్తాను. నియమం అంటే ఆయనకి ఇష్టం కదా, చేతులు కట్టుకుని వింటారు.

ఇట్లు,
నెగ్గబోయే అక్క

తా.క. గొణుగుడు పిల్ల ఇప్పుడు గొణగడం కూడా మానేసింది. మీ మనిషి దీన్ని ఏకాగ్రత పెరిగిందని రాసుకున్నాడేమో చూడు. నాకు మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

*

మూడో తరగతి 'ఏ' సెక్షన్ ఉపాధ్యాయిని గారికి నమస్కారములు.

ఫలితములు వెలువడినవి. 'బి' సెక్షన్ కొత్త సామగ్రి ఉన్నప్పటికీ తన నిరుటి స్థాయి కంటె బాగా దిగజారినది. దీనికి సామగ్రియే కారణమని అనుకొనవచ్చును. కానీ అదే పెట్టె తక్కిన బడులలో ఎక్కడా ఇట్లు చేయలేదు.

తమ 'ఏ' సెక్షన్ కూడా దాదాపు అంతే దిగజారినది. డైరెక్టరు గారిని కలవరపెట్టుచున్నది ఇదే. మునుపటిలాగే బోధించిన తరగతి మునుపటిలాగే ఉండవలెను గదా. తమరు ఏమీ చేర్చలేదని, ఏమీ మానలేదని పరిశీలకుడు ప్రతి పుటలోనూ ధ్రువీకరించినారు. కోపము సైతము మోతాదు దాటలేదు. తమరు ఏమి మార్చితిరో తెలియజేయగలరు.

ఇట్లు,
పరిశోధనాధికారి

తా.క. అక్కా, నిజం చెప్పు. ఏం మార్చావు? నీ పిల్లలకి ఇంత తక్కువ రావడం నేనెప్పుడూ వినలేదు. నాకు భయంగా ఉంది.

*

చిన్నోడికి,

నేనేమీ మార్చలేదు. మార్చింది నువ్వు.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళాను. మీ బావ గిన్నెలు తుడుస్తున్నారు. గోడమీది నియమాన్ని గోళ్ళతో పీకి పారేశాను. సున్నం కూడా ఊడి వచ్చింది. మీ పిల్లలూ పోయారు, మా పిల్లలూ పోయారు, ఇప్పుడైనా నోరు విప్పండి అని అరిచాను. మునుపటి మోతాదుకి పదింతలు ఉంటుంది, రాసుకో.

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టి, "ఏమని గొణుగుతుంది?" అన్నారు.

ఎవరు అన్నాను. "మూడో వరుస పిల్ల. ఏడాదంతా వరండాలోంచి చూస్తూనే ఉన్నాను, గొణుక్కుంటూ కూర్చుంటుంది, ముఖం వేలాడేసుకుని పోతోంది. నిన్ను అడగకూడదు కదా. ఏమని గొణుగుతుంది?"

నాకు తెలియదురా. ఏడాది పొడుగునా ఆ పిల్ల గొణిగింది, నేను పేరు పెట్టాను, నీ మనిషి నమోదు చేశాడు. ఏమంటోందో ఒక్కరమూ వినలేదు.

సెలవులకి ఇంకా వారముంది. మర్నాడు బోర్డు మీద తీసివేత వేసి, ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇన్నాళ్ళూ ఏమని గొణిగేదానివే అని అడిగి చెవి దగ్గర పెట్టాను. ఏమందో తెలుసా? "ఈ సార్ తల కాస్త జరిగితే బాగుణ్ణు" అంది.

నీ పరిశీలకుడి తల. పరీక్ష అయిపోయినా ఆయన ఇంకా వస్తూనే ఉన్నాడు, బల్ల ఏడాదంతా ఉన్నచోటే, సరిగ్గా ఆ పిల్ల ముందుంది. బోర్డు మీద కుడివైపు అంకె ఆ తాటిచెట్టంత మనిషి తల వెనక దాక్కుంటోంది. ఒకట్ల అంకె కనపడకుండా తీసివేత ఎలా చేస్తుంది? తల వంచి చూడబోతే ఏకాగ్రత లోపం. పక్కపిల్లని అడగబోతే గొణుగుడు. పెద్దాయన్ని జరగమని అడిగే ధైర్యం ఎనిమిదేళ్ళ పిల్లకి ఎక్కడిది? ఇంక చూడ్డమే మానేసింది. నేనా, లేనట్టే భావించమన్నావు, భావించాను. లేని మనిషి తల అడ్డొస్తుందని నాకెలా తడుతుంది?

ఆయన్ని లేపి తలుపు పక్కన కూర్చోబెట్టాను. ఆయన ఉన్నాడని నేను ఒప్పుకోవడం అదే మొదలు. బిక్కచచ్చిపోయి, "నేను లేచి అడగవచ్చని నియమాల్లో లేదండీ" అన్నాడు. మీ బావకి తోడబుట్టినవాడిలా ఉన్నాడు. ఆ పిల్ల మాత్రం బోర్డు మీద లెక్కలన్నీ గబగబా చేసి పారేసింది. ఒక్క పూస కూడా లేకుండా.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. ఇన్నేళ్ళుగా మీ బావ రోజూ గిన్నెలు తుడుస్తూ, "ఇవాళ ఎవరికి అర్థం కాలేదు?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. అందరికీ అయిందండీ అని విసురుగా అనేదాన్ని. ఆ తర్వాత పక్క మీద పడుకుని ఒక్కొక్క మొహమే గుర్తు తెచ్చుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పేదాన్ని. అది నా పద్ధతని నాకే తెలియదు. ఆయన అడగడం మానేశారు, నేను గబగబా చెప్పుకుంటూ పోయాను. ఇక ఆయన కోటలంటావా? కొత్త వస్తువు ఇస్తే మొదటి రోజు తనివితీరా ఆడుకోనివ్వండి, లెక్క రెండో రోజు అని, మాట్లాడే వీలుంటే, నేను ఒక్క మాట చెప్పి ఉండేదాన్ని. సూచనల పుస్తకంలో ఆ మాట లేదట, ఇద్దరం నిన్న కూర్చుని చూశాం.

మా పద్ధతేదో కొలవడానికి వచ్చి, ముందు దాన్నే నిషేధించారు. తర్వాత అది ఏమైందని నన్నే అడుగుతున్నారు. మీ డైరెక్టరుకి ఇది చదివి వినిపించు. మెత్తగా చదవకు, నేను రాసినట్టే చదువు.

పిల్లల ఏడాది మాత్రం ఎవరు తిరిగి ఇస్తారు? మీ కార్యాలయం ఇవ్వదు, ముద్ర వేయించడానికే మీకు ప్రాణం మీదికొస్తుంది. అందుకని ప్రధానోపాధ్యాయిని గారి గదిలో కూర్చుని, ఒప్పుకునేదాకా లేవలేదు. వచ్చే ఏడు మీ బావా నేనూ ఈ పిల్లలతోపాటే నాలుగో తరగతికి వెళ్తున్నాం. పోయినచోటే వెతుక్కుంటాం. మధ్యలో తలుపు తీసే ఉంటుంది.

ఆశీస్సులు. ఈసారి నిజంగానే ఉన్నాయి, కాసిని.

అక్క

తా.క. పెట్టె తిప్పి పంపుతున్నాం. పూసలు తక్కువొచ్చాయని మీ గుమాస్తా అడిగితే అమ్మ మెడలో చూసుకోమను. నియమం పోయింది కదా, మీ బావ మిగిలిన ఎర్ర పూసలన్నీ దండ గుచ్చి, "ఎవరికని అడిగారు కదా అత్తయ్యా" అని ఆవిడ చేతిలో పెట్టారు. అది వేసుకునే బస్సెక్కింది. నీ దగ్గరికే వస్తోంది, నీతో మాట్లాడాల్సింది చాలా ఉందట.

ఇంకో తా.క. బావమరిదికి, మీ అక్క పైన రాసినదంతా నేను చదివాను. ఈ విషయమై మేమిద్దరం వివరంగా చర్చించుకున్నాం. — 'బి' సెక్షన్